గేర్‌బాక్స్ పోలేదు... లెక్క తప్పిందంతే!

కారుకి పెద్ద టైర్లు వేస్తే ఏమవుతుంది? చూడ్డానికి బాగుంటుంది. రీల్ పెడితే లైకులొస్తాయి. అదే కారు ఆటోమేటిక్ అయితే మాత్రం ఇంకోటి కూడా అవుతుంది. ఏ గేరు ఎప్పుడు వెయ్యాలో ఆలోచించే కంప్యూటర్‌కి తప్పుడు లెక్కలు వెళ్లడం మొదలవుతుంది. పాపం, అది తనకి తెలిసిన లెక్క ప్రకారమే గేర్లు మారుస్తూ పోతుంది. మనకేమో బండికి పిచ్చి పట్టినట్టు కనిపిస్తుంది.

ఈ సంగతి నాకు మా అన్నయ్య బండి దగ్గర తెలిసింది.

ముందు నా గురించి రెండు ముక్కలు. చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మా బ్యాచ్‌లో చాలామందిది ఇదే కథ కాబట్టి ఇందులో వింతేం లేదు. వింతల్లా ఒకటే. నేను కారు తీసుకుని ఏ షెడ్డుకెళ్లినా మెకానిక్ నాకు కాకుండా నా పక్కన ఎవరున్నారో వాళ్లకి చెబుతాడు. పక్కన ఎవరూ లేకపోతే 'ఇంట్లో సార్‌ని ఫోన్ చెయ్యమనండి మేడమ్' అంటాడు.

అన్నయ్యకి ఆటోమేటిక్ ఎందుకంటే...

అన్నయ్య మా పెద్దమ్మ కొడుకు. ఉండేది చోడవరం. పాడేరు దగ్గర ఓ ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారు. సోమవారం తెల్లారుజామున ఘాట్ ఎక్కుతాడు, శనివారం సాయంత్రం దిగుతాడు. 2019లో బైక్ ప్రమాదంలో ఎడమ మోకాలు బాగా దెబ్బతింది. రెండు ఆపరేషన్లయ్యాయి. నడుస్తాడు, నిలబడి పాఠం చెబుతాడు. కానీ ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ క్లచ్ తొక్కడం మాత్రం ఆ కాలి వల్ల కాదు. పోనీ బస్సులో వెళ్దామా అంటే, అంతసేపు కాలు మడిచి కూర్చుంటే మర్నాటికి మోకాలు వాచిపోతుంది.

అందుకే విశాఖలో ఓ సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్‌యూవీ కొన్నాడు. ఆరు గేర్ల ఆటోమేటిక్. పాత ఓనర్ దాన్ని అప్పటికే బాగా ముస్తాబు చేయించాడు. పెద్ద టైర్లు, ముందు ఇనప బంపర్, ఇంజిన్ కంప్యూటర్‌లో 'స్టేజ్ వన్' రీమ్యాప్. ఇవేవీ అన్నయ్యకి అక్కర్లేదు. తక్కువ ధరకి క్లచ్ లేని బండి దొరికింది, అది చాలనుకున్నాడు. మా మేనల్లుడు మాత్రం దానికి 'రాక్షసి కారు' అని పేరు పెట్టి ఊరంతా చాటాడు.

మూడు నెలలకి గొడవ మొదలైంది. అరవై స్పీడులో వెళ్తుంటే నాలుగో గేరూ ఐదో గేరూ మధ్య ఊగిసలాట. ఒకటి పడిన మరుక్షణం ఇంకోటి. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారి గుర్రుమని లేచి, ఆ తర్వాత దబ్బుమని కుదుపు. ఘాట్‌లో సగం ఎక్కాక గేర్‌బాక్స్ వేడెక్కిందని వార్నింగ్ లైటు.

ఓ వర్క్‌షాప్‌లో చూపిస్తే పావుగంట నడిపి 'బాక్స్ పోయింది' అన్నారట. మార్చడానికి 2,30,000 రూపాయలు. అన్నయ్య నాకు ఫోన్ చేసింది సలహా కోసం కాదు, నిర్ణయం చెప్పడానికి.

'ఇక దీన్ని అమ్మీడమే చెల్లీ. ట్రాన్స్‌ఫర్‌కి పెట్టుకుంటాను. పదో తరగతి పిల్లల్ని మధ్యలో వదిలేస్తున్నానని తప్ప, నాకేం బాధ లేదు.'

బాధ లేదని అంత గట్టిగా చెబుతున్నాడంటే ఎంత ఉందో నాకర్థమైంది. శుక్రవారం రాత్రి బస్సెక్కాను.

దెయ్యాన్ని లెక్కల్లో పెట్టాం

ఆఫీసులో నా పని చాలావరకు బగ్గులు పట్టుకోవడమే. అక్కడ ఒక అలవాటుంది. 'అప్పుడప్పుడు ఆగిపోతోంది' అని ఎవరైనా అంటే నమ్మం. ఎప్పుడు, ఎన్నిసార్లు, ఏం చేస్తుండగా అని అడుగుతాం. బండి దగ్గరా అదే చేశాం.

అవసరమైన సామాను తక్కువే. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. దానికి గుచ్చే బ్లూటూత్ డాంగిల్ 900 రూపాయలకి వచ్చింది. ఫోన్‌లో దాన్ని చదివే యాప్ ఒకటి, జీపీఎస్ స్పీడ్ చూపించే యాప్ ఒకటి. అన్నయ్య నడిపాడు, నేను పక్క సీట్లో ఫోన్ పట్టుకున్నాను. నడిపేవాళ్లు ఫోన్ చూడకూడదు కాబట్టి ఈ పనికి ఇద్దరు కావాల్సిందే.

చోడవరం నుంచి మాడుగుల వైపు పది కిలోమీటర్లు ఒకే తీరుగా వెళ్లాం. ఇంజిన్ ఆర్‌పీఎంని స్పీడుతో భాగిస్తే వచ్చే అంకె ఒక్కో గేరుకి ఒక్కోలా ఉంటుంది. ఆ అంకె మెట్టు మారిందంటే గేరు మారినట్టు. రికార్డంతా షీట్‌లో వేసి లెక్కపెడితే ఆ పది కిలోమీటర్లలో నాలుగుకీ ఐదుకీ మధ్య 31 మార్పులు! రెండు నుంచి మూడుకి మారేటప్పుడు 2,400 దగ్గరున్న ఆర్‌పీఎం 1,600 దగ్గరికి పడాలి. అది ముందు 2,750కి ఎగిరి, తర్వాత పడుతోంది. అంటే పట్టుకోవాల్సిన క్లచ్ ప్లేట్లు ఆ కాసేపు జారుతున్నాయన్నమాట.

ఇంకో అంకె నా కంట్లో పడింది. కారు కంప్యూటర్ స్పీడు 55 అంటోంది. జీపీఎస్ 60 అంటోంది.

బండి ఆపించి టైరు మీద చదివాను. 265/70 ఆర్17. డ్రైవర్ డోర్ తీస్తే పక్క పిల్లర్ మీద కంపెనీ స్టిక్కర్‌లో ఉన్నది 235/65 ఆర్17. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు గోడ ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో. చివరిది రిమ్ము, అంగుళాల్లో. పక్క సీట్లోనే కాగితం మీద లెక్క వేశాం. పాత సైజు టైరు మొత్తం ఎత్తు సుమారు 737 మిల్లీమీటర్లు. ఇప్పుడున్నది 803. అంటే దాదాపు 9 శాతం పెద్దది. 55కి 9 శాతం కలిపితే 60.

లెక్కల మాస్టారు కాగితం లాక్కుని మళ్లీ వేసి చూసుకున్నాడు. 'సరిపోయిందే!' అన్నాడు. వారంలో మొదటిసారి ఆయన గొంతులో హుషారు విన్నాను.

(సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఇక్కడో చిన్న విషయం. ఇలాంటి బండిలో ఓడోమీటర్ కూడా తక్కువే చూపిస్తుంది. మీటర్ మీద వెయ్యి తిరిగితే నిజంగా తిరిగింది 1,090. మైలేజీ లెక్క కూడా తప్పే వస్తుంది.)

గేర్‌బాక్స్ అడిగేవి రెండే ప్రశ్నలు

ఆటోమేటిక్ కార్లన్నీ ఒకటి కాదు. మన దగ్గర 2014లో సెలేరియోతో జనంలోకి వచ్చిన ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని యంత్రం చేస్తుంది. సీవీటీలో బెల్టూ పుల్లీలూ ఉంటాయి. డీసీటీలో రెండు క్లచ్‌లు. అన్నయ్య బండిలోది టార్క్ కన్వర్టర్. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నూనె తిరుగుతూ బలాన్ని అందిస్తుంది. లోపలి క్లచ్ ప్లేట్లని బిగించేది కూడా ఆ నూనె ఒత్తిడే.

పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని జనరల్ మోటార్స్ 'హైడ్రామాటిక్' పేరుతో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో భారీగా అమ్మకానికి తెచ్చింది. అప్పట్లో కంప్యూటర్ లేదు. బండి వేగాన్ని ఒక భాగం, కాలు ఎంత నొక్కామో ఇంకో భాగం నూనె ఒత్తిడిగా మార్చేవి. ఆ రెండు ఒత్తిళ్లలో ఏది నెగ్గితే గేరు అటు మారేది. ఇప్పుడు ఆ పని టీసీయూ అనే చిన్న కంప్యూటర్ చేస్తోంది. కానీ ప్రశ్నలు మాత్రం అవే. ఎంత వేగంలో ఉన్నాం? కాలు ఎంత నొక్కారు?

పెద్ద టైర్లు మొదటి ప్రశ్నకి జవాబు తప్పు చేస్తాయి. టీసీయూకి టైరు కనిపించదు, షాఫ్ట్ తిరగడమే తెలుస్తుంది. పైగా టైరు 9 శాతం పెద్దదైతే రోడ్డు మీద అంతే లాగుడు రావడానికి ఇంజిన్ 9 శాతం ఎక్కువ బలం పెట్టాలి. సైకిల్ మీద ఎప్పుడూ ఓ పెద్ద గేరులో తొక్కుతున్నట్టు. ఐదో గేరు పడగానే బండి నీరసిస్తుంది. మనం కాస్త నొక్కుతాం. అది నాలుగుకి దిగుతుంది. బండి అందుకుంటుంది, మనం కాలు తీస్తాం. మళ్లీ ఐదు. ఆ 31 మార్పుల కథ ఇదే.

రీమ్యాప్ రెండో జవాబుని పాడు చేస్తుంది. కొంచెం నొక్కితే చాలా నొక్కినట్టు ఉండేలా పెడల్ లెక్క మార్చేస్తారు. అక్కడితో ఆగదు. ఇంజిన్ ఎంత బలం ఇస్తోందో టీసీయూకి ఇంజిన్ కంప్యూటరే చెబుతుంది. దాన్ని బట్టే క్లచ్ ప్లేట్లని ఎంత ఒత్తిడితో బిగించాలో టీసీయూ తేల్చుకుంటుంది. రీమ్యాప్ సరిగ్గా చేయకపోతే బలం పెరుగుతుంది గానీ చెప్పే అంకె పెరగదు. వచ్చేది ఎక్కువ, బిగింపు తక్కువ. ప్లేట్లు జారతాయి. జారితే వేడి. వేడికి నూనె పాడవుతుంది. పాడైన నూనెతో ఇంకా జారతాయి.

ఇది కాగితం మీద బాగానే ఉంది. అసలు భయం వేరే. ఇన్నాళ్లు జారి జారి లోపల ప్లేట్లు నిజంగానే అరిగిపోయి ఉంటే? అప్పుడు ఆ 2,30,000 మాటే నిజమవుతుంది. నా లెక్కలన్నీ వేస్టు.

ఒకసారికి ఒకటే మార్పు

అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. అందుకని వరస పెట్టుకున్నాం. ముందు నూనె పరిస్థితి చూడటం. తర్వాత టైర్లు. తర్వాత మ్యాప్. చివర్లో కొత్త నూనె.

అనకాపల్లిలో ఓ చిన్న షెడ్డు. పెద్దాయన, అరవై పైనే ఉంటాయి. నేను అడిగిన ప్రశ్నలకి నా వైపే చూసి జవాబిచ్చారు. అక్కడే ఆయన మీద నాకు సగం నమ్మకం కుదిరింది. డ్రెయిన్ ప్లగ్ విప్పి కొంచెం నూనె ట్రేలో పట్టారు. ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాషన్‌లా ఉంది. మాడు వాసన. అన్నయ్య ముఖం మాడిపోయింది.

పెద్దాయన మాత్రం తొందరపడలేదు. తెల్ల పంచె ముక్క పరిచి నూనె వడకట్టారు. ట్రేలో అయస్కాంతం తిప్పి పైకి తీశారు. దానికి కాటుకలాంటి మెత్తటి బూడిద రంగు పేస్టు అంటింది. వేలితో రాసి చూసి, 'ఇది మామూలు అరుగుదలేనమ్మా. రజను గాని, పలుకులు గాని ఉంటే బాక్స్ విప్పక తప్పదనేవాణ్ని. లేవు. నూనె కాలింది గాని బండి కాలలేదు' అన్నారు.

అన్నయ్య బయటికెళ్లి టీ తాగొచ్చాడు. ఒక్కడే వెళ్లాడు. మేమూ పిలవలేదు.

తీసిన నూనె ఎంతో అంత కొలిచి పోసి, మర్నాడు టైర్ల పరీక్ష పెట్టాం. కొనే ముందు నిర్ధారణ కావాలి కదా. అదే మోడల్ కారున్న అన్నయ్య స్నేహితుడొకాయన తన నాలుగు చక్రాలూ ఒక్క పూటకి ఇచ్చాడు. బోల్టులు విప్పడం, బిగించడం, అంతే. మళ్లీ అదే పది కిలోమీటర్లు. గేరు మార్పులు 31 నుంచి 9కి పడ్డాయి. ఓబీడీ స్పీడూ జీపీఎస్ స్పీడూ కలిశాయి. రెండు–మూడు కుదుపు మాత్రం అలాగే ఉంది. ఆర్‌పీఎం అప్పుడూ ఎగురుతోంది. అంటే టైర్లు ఒక్కటే దోషి కాదు.

తర్వాత పాత ఓనర్‌కి ఫోన్ చేశాం. ఆయన మంచాయన. రీమ్యాప్ చేసిన కుర్రాడి నంబర్ ఇచ్చాడు. ఆ కుర్రాడి దగ్గర కంపెనీ ఒరిజినల్ ఫైల్ భద్రంగా ఉంది. 6,000 తీసుకుని తిరిగి ఎక్కించాడు. 'సార్, పవర్ తగ్గిపోతుంది' అని అన్నయ్యని మూడుసార్లు హెచ్చరించాడు. అన్నయ్య నవ్వి, 'నేను వెళ్లేది బడికి బాబూ' అన్నాడు. ఆర్‌పీఎం ఎగరడం 2,750 నుంచి 2,480కి తగ్గింది.

ఇక నూనె. టార్క్ కన్వర్టర్ ఉన్న బాక్స్‌లో ప్లగ్ విప్పితే నూనె మొత్తం రాదు. చాలా భాగం లోపలే ఉండిపోతుంది. అందుకే ఒకసారి మార్చి, 500 కిలోమీటర్లు తిరిగాక రెండోసారి మార్చాం. కంపెనీ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోశాం. లెవెల్ చూడటానికి కూడా ఓ పద్ధతుంది. ఇంజిన్ నడుస్తుండగా, మాన్యువల్ చెప్పిన వేడిలో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఒక లెవెల్, వేడెక్కాక ఒక లెవెల్. అంచనాగా పోస్తే ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే.

ఆఖరి పని అడాప్టేషన్ రీసెట్. టీసీయూ నేర్చుకుంటూ ఉంటుంది. జారే ప్లేట్లకీ, మాడిన నూనెకీ తగ్గట్టు ఇన్ని నెలలూ తన లెక్కల్ని సర్దుకుంటూ వచ్చింది. అది స్కానర్‌తో చెరిపేసి, మెత్తగా నడుపుతూ అన్ని గేర్లూ మళ్లీ నేర్పించాలి. రెండు రోజులు అన్నయ్య కొత్తగా పెళ్లయిన కారులా నడిపాడు.

మళ్లీ అదే పది కిలోమీటర్లు. మార్పులు 6. ఆర్‌పీఎం ఎగరడం లేదు. 2,400 నుంచి నేరుగా 1,600. గ్రాఫ్ మీద మెట్లు మెట్లుగా, మా అన్నయ్య బోర్డు మీద గీసిన గీతల్లా నీట్‌గా.

ఆ సోమవారం ఘాట్‌కి నేనూ వెళ్లాను. అమ్మవారి పాదాల దగ్గర ఆగి దండం పెట్టుకుని, పాడేరు చేరేదాకా ఇద్దరం వార్నింగ్ లైటు వచ్చే చోటే చూస్తూ కూర్చున్నాం. రాలేదు.

ఖర్చు, చట్టం, జాగ్రత్తలు

కంపెనీ సైజు కొత్త టైర్లు నాలుగు 48,000. రెండుసార్లు నూనె, లేబర్ 17,000. మ్యాప్ 6,000. డాంగిల్ 900. పెద్ద టైర్లు అమ్మితే 28,000 వచ్చాయి. నికరంగా 43,900. ఇనప బంపర్ కూడా విప్పించేశాం. అలాంటి క్రాష్ గార్డుల మీద చర్యలు తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి చెప్పింది. ఎయిర్‌బ్యాగులు విచ్చుకునే టైమింగ్‌కి అది అడ్డు కూడా.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట నిర్దేశించినవాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. చెప్పకుండా చేయించిన మార్పుల వల్ల ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా పేచీ రావచ్చు.

మీరు సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కొంటుంటే ఇవి చూడండి.

డోర్ దగ్గర స్టిక్కర్ సైజూ, టైరు మీద సైజూ ఒకటేనా? మీటర్ స్పీడు కంటే జీపీఎస్ స్పీడు ఎక్కువ ఉందా? కంపెనీ మీటర్లు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తాయి, తక్కువ చూపిస్తే అనుమానించండి. రీమ్యాప్ చేయించారా, ఒరిజినల్ ఫైల్ ఉందా అని సూటిగా అడగండి. గేర్‌బాక్స్ నూనె ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. 'ఇది లైఫ్‌టైమ్ నూనె' అంటే, ఘాట్ ఎక్కే బండికి ఆ మాట వర్తించదనుకోండి. ఎవరైనా 'బాక్స్ పోయింది' అంటే, నూనె తీసి చూశారా అని మొదట అడగండి.

ఘాట్ రోడ్డులో మాన్యువల్ మోడ్ వాడండి. ఎక్కేటప్పుడు ఒకే గేరులో ఉంచితే ఊగిసలాట ఉండదు. దిగేటప్పుడు చిన్న గేరులో ఉంచితే బ్రేకులు మాడవు. న్యూట్రల్‌లో మాత్రం దిగొద్దు.

అన్నయ్య ట్రాన్స్‌ఫర్‌కి పెట్టుకోలేదు. పదో తరగతి పిల్లలకి ఆ వారం నిష్పత్తుల లెక్క ఒకటి ఇచ్చాడట. 737 మిల్లీమీటర్ల చక్రం తీసి 803 మిల్లీమీటర్ల చక్రం వేస్తే మీటర్ 55 చూపించినప్పుడు అసలు వేగం ఎంత? చివరి బెంచీ పిల్లొకతి అందరికంటే ముందు చెప్పిందట. చెప్పి ఊరుకోలేదు. 'మాస్టారూ, మరి ఆ టైర్లు ఎందుకేశారు?' అని అడిగిందట.

మా మేనల్లుడు మాత్రం ఇప్పటికీ అలిగే ఉన్నాడు. రాక్షసి కారు పొట్టిదైపోయిందని.